కొయ్య బూర విన్న గుండె

నేను ఒక కొయ్య బూరను. జానెడు పొడవు, ఒక కొన వెడల్పు, ఇంకో కొన చెవికి ఆనేంత పలక, నడుమంతా బోలు. ఊదితే పలకను. వినడమే నా పని. వెడల్పు కొనను చూలాలి కడుపు మీద పెట్టి, రెండో కొనకు చెవి ఆనిస్తే, లోపలి బిడ్డ గుండె చప్పుడు నాలోంచి నడిచి వస్తుంది. ఎక్కడో నీళ్ల అడుగున గుర్రం పరిగెత్తుతున్నట్టు ఉంటుంది.

స్పెయిన్‌లో ఎవరో ఆలివ్ కొమ్మను తరిణె మీద తిప్పి, చెక్కి నన్ను చేశారు. పిలార్ అనే మంత్రసాని నన్ను మేజోళ్ల మధ్య చుట్టుకొని అనంతపురం జిల్లాలో ఒక రేకుల ఆసుపత్రికి తెచ్చింది. ఊరివాళ్లు ఆమెను పిలారమ్మ చేసుకున్నారు. ఆమెకు సాయంగా ఉన్న నర్సు పేరు సుంకమ్మ.

పిలారమ్మకు తెలుగు 'నొప్పి', 'నీళ్లు', 'బాగుంది' దాటి పెద్దగా రాలేదు. అందుకని నేర్చుకునే పని సుంకమ్మ మీద పడింది. మనుషుల్లో ఇదొక చిత్రం. పని చెప్పేవాళ్ల భాషను పని చేసేవాళ్లే నేర్చుకోవాలి. సుంకమ్మ ఆ స్పెయిన్ మాటలను చీటీ మీద తెలుగు అక్షరాల్లో రాసి, మందుల బీరువా తలుపు లోపల అంటించుకుంది. 'దామెల' అంటే దాన్ని నాకివ్వు. 'త్రాయెమెల' అంటే దాన్ని నాకు తెచ్చిపెట్టు. 'లింపియాల' అంటే దాన్ని తుడువు. ఇవ్వడం, నాకు, దాన్ని, మూడూ ఒకే మాటలో మూటగట్టినట్టు ఉంటాయి. ఆ చివరి 'ల' నేనే. తెలుగులో 'ఇటు తే' అంటే చాలు, నా ఊసే ఉండదు. ఆ భాషలో మాత్రం ప్రతి పనికీ కొంగు పట్టుకొని వెళ్లేదాన్ని. కొయ్యకు అంతకన్నా మర్యాద ఏం కావాలి?

తీరిక దొరికితే పిలారమ్మ సుంకమ్మ చెవిని నాకు ఆనించి 'ఎస్కూచలో' అనేది. బిడ్డను విను అని. అయితే ఉంది, లేదు అని తేల్చే చెవి మాత్రం పిలారమ్మదే.

పదకొండేళ్లు గడిచాయి. ఆ చెవి మందగిస్తున్న సంగతి ముందు తెలిసింది నాకే. నేను గుర్రాన్ని పంపిస్తూనే ఉన్నాను, అటు ఎవరూ తలుపు తీయడం లేదు. పిలారమ్మ ఎక్కువసేపు వంగి ఉండి, చివరికి తల్లి ముఖం చూసి 'బాగుంది' అనేది.

ఒక మధ్యాహ్నం మారెక్క వచ్చింది. ముందు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. ఇది మూడో కాన్పు, ఎనిమిదో నెల.

"పొద్దున్నించీ మెదల్లేదమ్మా" అంది.

పిలారమ్మ నన్ను ఆనించింది. జాగా మార్చింది, మళ్లీ మార్చింది. నాలో గుర్రం పరిగెత్తుతూనే ఉంది. పిలారమ్మ ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఇదిగూడా పాయెనా? నోరు తెరిచి సెప్పండమ్మా!" మారెక్క మంచం పట్టె పట్టుకుంది.

అప్పుడు సుంకమ్మ చెయ్యి చాపింది. "దామెల" అంది.

ఇన్నేళ్లలో ఆ మాట అటునించి ఇటు రావడమే తప్ప ఇటునించి అటు పోయింది లేదు. పైగా అది 'నువ్వు' అని పిలిచే మాట. పెద్దవాళ్లతో అనడానికి ఆ భాషలో వేరే రూపం ఉందట. అది సుంకమ్మ చెవిన ఎన్నడూ పడలేదు.

పిలారమ్మ నన్ను ఇచ్చేసింది.

సుంకమ్మ చెవి వెచ్చగా ఆనింది. తలుపు తెరుచుకుంది. "ఉందే! గుర్రం మాదిరి పోతాండాది! మొండిది, నిద్ర పోతాండాది. నువ్వు యాల ఏడుస్తావు మారెక్కా?" చెవి తీయకుండానే, ఎడమ చేత్తో పిలారమ్మ అరచేయి అందుకొని, చూపుడువేలితో ఆ చప్పుడును దాని మీద తట్టింది. టక్కుటక్కు, టక్కుటక్కు. పిలారమ్మ కళ్లు మూసుకొని, అరచేత్తో విన్నది.

అయినా మారెక్కను జీపెక్కించి పెద్దాసుపత్రికి పంపారు. మూడు వారాలకు ఆడపిల్ల పుట్టింది, పెద్ద గొంతుతో.

ఆ నెలలోనే పిలారమ్మ పెట్టె సర్దుకుంది. "చెవి... బాగుంది లేదు" అంది తెలుగులో. నన్ను సుంకమ్మ చేతిలో పెట్టి "కేదాతెల" అంది. ఆ మాట చీటీలో లేదు. పిలారమ్మే సుంకమ్మ వేళ్లను నా చుట్టూ మూసి అర్థం చెప్పింది. నీ దగ్గరే ఉంచుకో దాన్ని, అని.

ఇప్పుడు ఆసుపత్రిలో కరెంటు యంత్రం వింటుంది. సుంకమ్మ రిటైరై ఇంటి దగ్గరే ఉంది, నేను ఆమె కిటికీలో ఉన్నాను. సాయంత్రం 'లింపియాల' అని తనకు తానే చెప్పుకొని, కొంగుతో నన్ను తుడుస్తుంది. తర్వాత ఒళ్లో పెట్టుకొని వీధి చూస్తూ కూర్చుంటుంది. ఆమెకు తెలియకుండానే చూపుడువేలు నా మీద తడుతూ ఉంటుంది, టక్కుటక్కు, టక్కుటక్కు. ఇన్నాళ్లూ అందరి గుండెలూ మోసిన కొయ్యను నేను. ఆ కాసేపు నాకూ ఒకటి ఉన్నట్టు ఉంటుంది.