ఏడు ముడుల ఉత్తరం

మా బాబాయి ఇంటికి తాళం వేశాక దాన్ని ఏడుసార్లు లాగి చూస్తాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పిందని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఇంట్లో దొంగలు ఎత్తుకుపోవడానికి ఒక రేడియో, రెండు దుప్పట్లు తప్ప ఏమీ లేవు. అయినా సరే, ఏడు.

రెండేళ్ళ క్రితం మా అత్తకు, అంటే బాబాయి అక్కకు, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగానికి గుర్తుగా పతకం ఇచ్చారు. ఆ రోజు ఈయన బస్టాండు దాకా వెళ్ళి, తాళం మీద అనుమానం వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాడు. సభకు చేరేసరికి కుర్చీలు మడిచి వ్యానులో ఎక్కిస్తున్నారు. అత్త పతకాన్ని సంచిలో పడేసుకుని, "నీకు నాకన్నా ఆ తాళంకప్పే ఎక్కువ. పో, దాంతోనే కాపురం చెయ్యి" అంది. అప్పటినుంచి ఆయన ఫోను ఎత్తలేదు. ఆయన పేరెత్తితే మా ఫోను కూడా పెట్టేసేది.

అత్తది వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. అక్కడ కంప్యూటర్లు కొత్తవే కానీ మెయిలు మాత్రం నాకంటే వయసులో పెద్దది. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప దానికి ఇంకేమీ అరగదు. ఒకసారి తెలుగులో పుట్టినరోజు శుభాకాంక్షలు పంపితే అన్నీ ప్రశ్నార్థకాలై చేరాయి.

"ఏమిటే, ఇన్ని ప్రశ్నలు? నా వయసెంతో తెలుసుకుందామనా?" అని అత్త ఫోను చేసింది.

నాకు ఉక్రోషం వచ్చింది. నా వృత్తే ప్రోగ్రాములు రాయడం కదా, ఆదివారం కూర్చుని ఒకటి రాశాను. అందులో రెండే మీటలు: 'కట్టు', 'విప్పు'. తెలుగు ఉత్తరం వేసి 'కట్టు' నొక్కితే అది ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన పిచ్చిరాతగా మారుతుంది. దాన్ని ఆ ముసలి మెయిలు నోరెత్తకుండా మోస్తుంది. అత్త కంప్యూటర్లోనూ అదే పెట్టాను; అక్కడ 'విప్పు' నొక్కితే మళ్ళీ చక్కటి తెలుగు.

పోయిన శుక్రవారం అత్త రిటైర్మెంటు. సభకు రమ్మని మా అందరికీ పిలుపొచ్చింది, బాబాయికి తప్ప. ఆ వారం సోమవారం పొద్దున్నే ఆయన మా ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే అడిగాడు.

"అక్కకి ఫోనులో ఉత్తరం రాసుకొచ్చానే. నీ దాంట్లో పెడితే తాళం గట్టిగా పడుతుందా? ఇంకెవరూ చదవకూడదు."

"అది తాళం కాదు బాబాయ్, మూట. దారిలో చిందకుండా కడుతుందంతే. ఆ మీట ఉన్నవాళ్ళెవరైనా విప్పుకోవచ్చు."

'ఎవరైనా' అన్న మాట ఒక్కటే ఆయన చెవికెక్కింది. నేను బుద్ధి లేకుండా ఆయన్ని కంప్యూటరు ముందు వదిలేసి టీ పెట్టడానికి వెళ్ళాను. వచ్చేసరికి పైన తన పేరు పెట్టి పంపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు అత్త ఫోను. "వాడు నన్ను వెక్కిరిస్తున్నాడా? ఐదు పేజీల పిచ్చిరాత! విప్పితే మళ్ళీ పిచ్చిరాతే! రెండేళ్ళకి నోరు తెరిచి వాడు నాకు చెప్పింది ఇదా? శుక్రవారం ఆ చుట్టుపక్కల కనబడితే మర్యాదగా ఉండదని చెప్పు!"

జవాబొచ్చిందేమోనని వచ్చిన బాబాయి నా పక్కనే ఉన్నాడు. ఆ కేకలన్నీ ఆయనకు వినబడ్డాయి. ముఖం పాలిపోయింది.

"ఏం చేశావు బాబాయ్?"

"ఎవరైనా విప్పుతారన్నావుగా. అందుకని కట్టినదాన్నే మళ్ళీ కట్టాను."

"ఎన్నిసార్లు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. నాకు అర్థమైంది. "అత్తా, ఒక్క మాట. బాబాయి తాళం ఎన్నిసార్లు లాగుతాడు?"

అవతల 'విప్పు' మీట టక్కుమంది. "రెండు," అంది అత్త. "మూడు... నాలుగు..." ఏడు దగ్గర ఆగిపోయింది. ఫోను పెట్టేసింది.

ఉత్తరంలో ఏం రాశాడో బాబాయి నాకు చెప్పలేదు. బుధవారం మా ఇంట్లోనే జవాబు కోసం కూర్చుని, అన్నం కెలికి వదిలేశాడు. నాకు ఆయన మీద కోపం పోయి జాలేసింది.

గురువారం జవాబొచ్చింది. విప్పాను. పిచ్చిరాత. మళ్ళీ విప్పాను. పిచ్చిరాతే. "తిట్టిందే," అన్నాడు బాబాయి గోడకేసి తిరిగి. నాలుగోదానికి నాకు నవ్వాగలేదు. ఏడోసారి తెలుగు కనబడింది.

"శుక్రవారం పదింటికి. ముందు వరసలో నీకు కుర్చీ పెట్టించాను. నువ్వొచ్చేదాకా సభ మొదలుపెట్టనివ్వను. తాళం ఒక్కసారే లాగు."

బాబాయి దాన్ని చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

శుక్రవారం పొద్దున ఆయన్ని తీసుకెళ్ళడానికి వెళ్ళాను. తాళం వేశాడు. ఒక్కసారి లాగాడు. రెండోసారికి చాచిన చేతిని జేబులో పెట్టుకున్నాడు. "పదవే, ఆలస్యమవుతుంది" అని వెనక్కి చూడకుండా బస్టాండుకేసి నడిచాడు.

తాళంచెవి తాళానికే వేలాడుతోంది. నేను చప్పుడు చెయ్యకుండా దాన్ని తీసి సంచిలో వేసుకుని, ఆయన వెనకాల పరిగెత్తాను.