రెండోసారి అడగాలి

నల్లేటిగుంపులో ఫోనుకు సిగ్నల్ కావాలంటే ఊరి వెనకున్న గుట్ట ఎక్కాలి. ఆ రోజు పొద్దున ఊరు ఊరంతా గుట్ట మీదే ఉంది. అసెంబ్లీలో తమ ఊరి పేరు పలుకుతారంటే ఎవరికీ నమ్మకం కుదరలేదు. చంకలో పిల్లలతో సహా వచ్చి కూర్చున్నారు. తిరుపతి తన ఫోనును ఒక రాతికి ఆనించి పెట్టాడు. అతను భద్రాచలంలో డిగ్రీ చదువుతున్నాడు, ఊళ్లో యువజన సంఘం పెట్టాడు. ఎమ్మెల్యే జమ్లికి ఈ ఊరి సంగతి కాగితం మీద రాసిచ్చింది అతనే.

జమ్లి లేచింది. తండాలో పుట్టిన మనిషి, గొంతు గట్టిది.

"అధ్యక్షా! నల్లేటిగుంపులో వానాకాలం జ్వరాలతో నలుగురు చనిపోయిన మాట వాస్తవమేనా? అక్కడి ఆరోగ్య ఉపకేంద్రానికి తొమ్మిది నెలలుగా నర్సు రాని మాట వాస్తవమేనా? వాస్తవమైతే ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంది?"

మంత్రిగారు కాగితం మీంచి తల ఎత్తలేదు.

"మొదటి ప్రశ్నకు జవాబు, లేదు అధ్యక్షా. రెండో ప్రశ్నకు, లేదు అధ్యక్షా. మూడో ప్రశ్న ఉత్పన్నం కాదు అధ్యక్షా."

కుర్చీల్లో మనుషులు మారుతుంటారు గానీ ఈ మూడు జవాబులు మారిన పాపాన పోలేదు. నాలుగు శవాలను మూడు ముక్కల్లో పూడ్చిపెట్టడానికి మంత్రిగారికి అర నిమిషం పట్టింది.

"ఉత్పన్నం కాదంటే ఏందే?" రామక్క పక్కనున్న నాగలక్ష్మిని అడిగింది. ఊళ్లో కాగితం భాష తెలిసింది నాగలక్ష్మికే. ఇంటర్ దాకా చదివింది, ఆరేళ్లుగా ఊరికి ఆశా కార్యకర్త.

"అసలు అడగాల్సిన పనే లేదంటున్నరత్తా."

"అంటే? నా కొడుకు రాంబాబు సావలేదంటనా?"

ఫోనులో జమ్లి మళ్లీ లేచి ఏదో అడగబోతోంది. మంత్రిగారు ఈసారి తల ఎత్తి నవ్వారు.

"అధ్యక్షా, మా అధికారి స్వయంగా ఆ ఊరు వెళ్లారు. ఊరి పెద్ద దూలయ్యగారే 'బాగానే ఉన్నాం' అని చెప్పారు. ఆ ఊరి ఆశా కార్యకర్తే సంతకం పెట్టింది. ఇంతకన్నా ఏం కావాలి?"

జమ్లి నోరు కదులుతోంది గానీ మాట వినపడలేదు. మైకు ఆపేశారు. ప్రశ్నల గంట అయిపోయిందట.

గుట్ట మీద తలలన్నీ దూలయ్య వైపు తిరిగాయి. సంతకం మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎక్కినా, నౌకరిలో ఉన్న పిల్ల సంతకం పెట్టక ఏం చేస్తుందనుకున్నారు. పెద్దమనిషి నోటిమాట అట్లా కాదు కదా.

"అన్నవా పెద్దయ్యా?" తిరుపతి ముందుకు వచ్చాడు. "నువ్వే అన్నవా?"

"అన్న," అన్నాడు దూలయ్య. డెబ్బై ఏళ్ల మనిషి, రాతి మీద కూలబడ్డాడు. "బాగానే ఉన్నమన్న. నా నోటితోనే అన్న. పోయినోళ్లను నేనే మళ్ల సంపిన."

నాగలక్ష్మి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ఆ మాట ఎట్లా పుట్టిందో లోకంలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నల్లేటిగుంపుకు ఒక మర్యాద ఉంది. ఇంటికి వచ్చినవాడు ముందు "బాగున్నరా?" అని అడుగుతాడు. ఇల్లు తగలబడిపోతున్నా సరే, "బాగానే ఉన్నం" అనే చెప్పాలి. ఎండన పడి వచ్చినవాడి నెత్తిన రాగానే మన బాధ రుద్దకూడదు. వాడు సొరబుర్రలో నీళ్లు తాగాలి, కూర్చోవాలి, పెట్టింది తినాలి. చేయి కడుక్కుని మళ్లీ అడుగుతాడు, "బాగున్నరా?" అని. అప్పుడు చెప్పాలి, కడుపులో ఉన్నదంతా. మొదటిసారి అడిగేది వరసకు, రెండోసారి అడిగేదే మనిషి. ఊళ్లో నడక నేర్చిన పిల్లలకు కూడా ఇది తెలుసు.

అసెంబ్లీ జవాబు కోసం ఊరికి వచ్చిన విచారణ అధికారి ఉదయ్ భాస్కర్‌కు తెలియదు. పట్నంలో ఖానాపురం హవేలిలో ఇల్లు, చీకటి పడకముందే చేరాలని తొందర. జీపు దిగాడు, సొరబుర్ర చూసి చేయి అడ్డం పెట్టి సీసాలో నీళ్లు తాగాడు.

"ఏం పెద్దాయనా, బాగున్నారా? ఇబ్బందులేమన్నా ఉన్నాయా?"

"బాగానే ఉన్నం సారూ. కూసోండ్రి, కోడిని కోసినం."

అంతే. సారు కాగితంలో గీసుకున్నాడు. తాళం వేసిన ఉపకేంద్రాన్ని మూల నుంచి, గోడ మాత్రమే కనపడేలా ఫోటో తీయించాడు. జీపు దగ్గర నాగలక్ష్మికి కాగితం అందించాడు.

ఆమెకు అప్పుడే నోటిదాకా వచ్చింది. సారూ, ఇంకొక్కసారి అడగండ్రి. ఆగి తిని ఇంకొక్కసారి అడగండ్రి, చెప్తరు. నాలుగు మాటలు. పక్క వరసలోనే రామక్క నిలబడి ఉంది, రెండో ప్రశ్న కోసం కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

"ఏఎన్ఎం ట్రైనింగుకు పేర్లు నేనే పంపాలమ్మా. నీది కూడా ఉంది కదూ?" అన్నాడు సారు, కలం చేతికిస్తూ.

నాగలక్ష్మి సంతకం పెట్టింది. నేనే నర్సునై వస్తే ఈ ఊరికి ఇక నర్సు కరువుండదు కదా అని తనకు తాను చెప్పుకుంది. మనసుకు సాకు చెప్పడం ఎంత తేలిక! జీపు వాగు దాటేటప్పటికి కోడికూర ఇంకా పొయ్యి మీదే ఉంది.

గుట్ట దిగిన రోజు నుంచి దూలయ్య బయటికి రాలేదు. పంచాయితీ ఉందని పిలిస్తే, "తప్పుడు నోటోడిని, నన్నెందుకు పిలుస్తరు?" అన్నాడట. అంబలి పోస్తే తాగకుండా పక్కన పెట్టాడట. నాగలక్ష్మి రోజూ ఆ ఇంటి ముందు నుంచే నడిచింది, ఒక్కరోజూ లోపలికి పోలేదు. పోవడానికి మొహం చెల్లలేదు.

నాలుగో రోజు మందుల సంచి కోసం గుట్టెక్కి ఫోను చేయబోతే ఉదయ్ భాస్కరే చేశాడు. జమ్లి ఊరుకోలేదట. సభను తప్పుదోవ పట్టించారని నోటీసు ఇచ్చిందట. "ఎల్లుండి వస్తున్నా. అప్పుడు చెప్పిందే నిజమని ఇంకో కాగితం కావాలి. ముసలాయన వేలిముద్ర, నీ సంతకం. లిస్టు నా టేబుల్ మీదే ఉంది, గుర్తుంది కదమ్మా?"

ఆమె గుట్ట దిగింది. ఊరు ఉపకేంద్రం వరండాలో కూర్చుని ఉంది. ఆ వరండా తొమ్మిది నెలలుగా మేకలదే. ఇవాళ మేకలను తోలి మనుషులు కూర్చున్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పెద్దయ్యను పెద్దరికం నుంచి తీసేయాలని కుర్రకారు, అట్లా అంటే నాలుక తెగుతుందని ఆడవాళ్లు.

"దూలయ్య మామది తప్పు లేదు," అంది నాగలక్ష్మి. "తప్పు నాది."

గోల ఆగిపోయింది.

"మామ మొదటిసారి జవాబు చెప్పిండు. సారు రెండోసారి అడగలే. అడగమని నేను చెప్పాలె, చెప్పలే. ట్రైనింగ్ సీటు మీద ఆశపడ్డ. తెలిసే సంతకం పెట్టిన. ఎల్లుండి ఇంకో సంతకానికి మళ్ల వస్తడంట."

ఎవరో తూ అని ఉమ్మారు. రామక్క లేచి దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుంది నాగలక్ష్మి. కొడితే బాగుండుననుకుంది కూడా.

"వాగు పొంగిన రోజు నా కొడుకు మంచం నలుగురు మోసిన్రు," అంది రామక్క, మెల్లగా. "ఒక కోడు నువ్వు పట్టినవ్. ఒడ్డు మీద నీ చేతుల్లోనే పోయిండు. ఆ చేత్తోనే సంతకం పెట్టినవా?"

"అవ్ అత్తా."

రామక్క వెనక్కి పోయి కూర్చుంది. తర్వాత ఆమె వైపు చూడలేదు.

ఇద్దరు ముగ్గురు పరిగెత్తి పోయి దూలయ్యను చేతులు పట్టుకుని తీసుకొచ్చారు. తిరుపతి ముసలాయన కాళ్ల దగ్గర కూర్చుని, ఎల్లుండి సారు వస్తున్న సంగతి చెప్పాడు. "జీపును వాగులోనే ఆపుదం. రాళ్లు అడ్డం పెడదం. మర్యాదలతోనే మునిగినం పెద్దయ్యా, మన మర్యాద వాళ్లకు సంతకం లెక్క పనికొచ్చింది."

"రాళ్లెందుకురా?" అన్నాడు దూలయ్య. నాలుగు రోజుల తర్వాత అతని కళ్లలో వెలుగు వచ్చింది. "ఆ రోజు మర్యాద సగంల ఆగిపాయె. పూర్తి చేద్దం. నీళ్లిద్దం, కోడి పెడదం. రెండోసారి అడిగినంక పోనిద్దం."

"అడగకపోతే?"

"అడిగేదాక సుట్టమే. సుట్టాన్ని పోనిస్తమా?"

చాలా రోజుల తర్వాత ఆ ఊరు నవ్వింది. ఆ నవ్వులోంచే పని పుట్టింది. ఇది ఏజెన్సీ, ఇక్కడ గ్రామసభ మాటకు చట్టంలో బలం ఉందని తిరుపతి చెప్పాడు. సారు కాగితం సారుదైతే మన పుస్తకం మనది, అందులో మనం రాద్దామన్నాడు. చుట్టుపక్కల మూడు గుంపులకు, ఇట్లాంటి గూడేలకే, కబురు పోయింది. అక్కడా నర్సులు లేరు, అక్కడా అంతా బాగానే ఉందని కాగితాలున్నాయి.

ఉదయ్ భాస్కర్ జీపు దిగేసరికి మూడు వందల మంది నేల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరి చేతిలో కర్ర లేదు, నోట నినాదం లేదు. నడుమ చాప, చాప మీద మోదుగాకు విస్తరి.

"బాగున్నారా?" అన్నాడు సారు, అలవాటుగా.

"బాగానే ఉన్నం సారూ," అన్నారు మూడు వందల మంది ఒక్క గొంతుతో. "కూసోండ్రి. తినండ్రి."

సారు కూర్చోలేదు. నాగలక్ష్మిని పక్కకు పిలిచి కాగితం ఇచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చేతిలోనే పెట్టింది. "ముందు తినండ్రి సారూ. తిని మళ్ల అడగండ్రి."

"నీ పేరు లిస్టులో ఉండదు."

"వద్దు సారూ."

జీపు వెనక్కి తిప్పబోతే వెనకాల చాప, ముందుకు పోబోతే ముందు చాప. ప్రతి చాప మీద విస్తరి, విస్తరి పక్కన ఒక ఆడమనిషి. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు, ఒక్క మాట తూలలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చి పక్కకు వాలింది. డ్రైవరు ఆగలేక కూర్చుని రెండుసార్లు వడ్డించుకున్నాడు. సారు ఇంకా తిరిగి రాలేదని ఆఫీసు నుంచి కబురు పోతే మూడు గంటలకు పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై జనాన్ని చూశాడు, చాపలను చూశాడు, కొట్టడానికి ఏ సాకూ దొరక్క విసుక్కున్నాడు.

"ఏదో అడగమంటున్నరు కదా సార్. అడిగి పారేయండి, పోదం."

ఉదయ్ భాస్కర్ రెండు మెతుకులు నోట్లో వేసుకున్నాడు. నీళ్లు తాగాడు, సొరబుర్రలోవే. "సరే. ఏమన్నా ఇబ్బందులున్నాయా?"

రామక్క లేచింది.

"నా కొడుకు రాంబాబు. ఇరవై రెండేండ్లు. ఆరు రోజులు జరం. గోళీలు లేవు, ఈ తలుపుకు తాళం. ఏడో రోజు వాగు ఒడ్డున పోయిండు. రాసుకో."

ఇంకొకామె లేచింది, భర్త పేరు చెప్పింది. ఒక ముసలాయన మనవరాలి పేరు చెప్పాడు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరం కాలేదు. తొమ్మిది నెలలుగా నోట్లో కొంగు కుక్కుకున్న ఊరు అది. సారు కలం మూసి కూర్చున్నాడు. రాసింది నాగలక్ష్మి, గ్రామసభ పుస్తకంలో. ప్రతి పేరు కింద వేలిముద్ర పడింది. అందరికన్నా పైన ఆమె తన మాట రాసుకుంది: మొదటి కాగితం మీద నేను పెట్టిన సంతకం అబద్ధం, తెలిసే పెట్టాను. తిరుపతి పేజీలన్నీ ఫోటోలు తీసి గుట్ట మీదికి పరుగెత్తాడు. దిగి వచ్చేటప్పటికి అవి జమ్లికి చేరిపోయాయి.

ఎస్సై పుస్తకం లాక్కున్నాడు. అధికారి విధులకు అడ్డం వచ్చారని కేసు అన్నాడు. దూలయ్యను, తిరుపతిని, నాగలక్ష్మిని వ్యానెక్కించారు. వెనకాలే రామక్క కూడా ఎక్కి కూర్చుంది.

"నిన్నెవరు ఎక్కమన్నరే?"

"మూడు దినాల నుంచి నీళ్లు మోసింది నేను. కోడి నాది. ఎవరి కేసు ఇది?"

వ్యాను ముందు, జీపు వెనక. వాగు దగ్గర రెండూ ఆగిపోయాయి. అవతలి గుంపుల జనం ఇంటికి పోలేదు. అడ్డదారిన ముందే వచ్చి రేవు నిండా నిలబడ్డారు. చేతుల్లో సొరబుర్రలు, నిండా నీళ్లు.

"మా ఊర్ల ఒక్కసారి గూడ అడగలే సారూ," ఒకామె జీపు అద్దం తట్టింది. "దిగండ్రి. నీళ్లు తాగండ్రి."

వ్యానులో రామక్క మోకాలు నాగలక్ష్మి మోకాలికి తగులుతోంది. వరండాలో ఆ రోజు తర్వాత ఆమె నాగలక్ష్మితో ఒక్క మాట ఆడలేదు.

"బాగున్నవా పిల్లా?" అంది రామక్క, బయటికే చూస్తూ.

"బాగానే ఉన్నత్తా."

బయట జీపు తలుపు తెరుచుకుంది. సారు దిగుతున్నాడు, దిగక తప్పలేదు. రామక్క కొంగుముడి విప్పి, మోదుగాకులో చుట్టి తెచ్చిన ముద్ద తీసి నాగలక్ష్మి చేతిలో పెట్టింది. నాగలక్ష్మి తిన్నది. తినేదాకా రామక్క ఆగింది. తర్వాత మొహం ఇటు తిప్పింది.

"బాగున్నవా?"

"లేనత్తా," అంది నాగలక్ష్మి, చెప్పడం మొదలుపెట్టింది.