అత్తగారి మోకాలు

ఆయన చొక్కా నానబెట్టిన రోజే చిట్టి పుస్తకం పోయింది. పోయిన భర్త చొక్కాను నెలన్నర కొక్కేనికే ఉంచి, చివరికి ఒక ఉదయం మనసు గట్టి చేసుకుని ఆమె బకెట్లో ముంచింది. నీళ్ళు నీలంగా మారాక గాని జేబులోని పుస్తకం సంగతి గుర్తు రాలేదు.

వాళ్ళది అట్టపెట్టెల తయారీ. ఆయన ఆ పుస్తకంలో ఆర్డర్లు రాసేవాడు కాదు. కొనేవాళ్ళు మాటల్లో జారవిడిచినవి రాసేవాడు. ఎవరికి పన్ను నొప్పి, ఎవరి కూతురు పరీక్ష తప్పింది. మళ్ళీ వెళ్ళినప్పుడు ముందు అదే అడిగేవాడు. పెట్టెల మాట వాళ్ళే ఎత్తేవారు.

ముద్దైన కాగితాల్లో, పెన్ను రాయని ఏ రోజునో పెన్సిలుతో రాసిన ఒక్క ముక్క మిగిలింది: "అత్తగారి మోకాలు. తప్పక అడగాలి."

ఎవరి అత్తగారో రాసిన చోట కాగితం చిరిగిపోయింది.

"వదినా, చెప్పుల కొట్టాయన వేరేచోట పెట్టెలు చూస్తున్నాడట," అన్నాడు మరిది. "మన పనిలో సగం ఆయనదే. నెలాఖరులోగా ఆయన మాటివ్వకపోతే కత్తిరింపు మిషను అమ్ముకోవాల్సిందే. నువ్వేమో మోకాలు పట్టుకుని కూర్చున్నావు."

"ఆ మోకాలు ఆయన అత్తగారిదేమో. వెళ్ళి అడుగుతా."

"మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టడమంటే ఇదే!"

చెప్పులాయనది నిజంగానే నున్నటి గుండు. ఆ నెలన్నరలో ఆమె నవ్వింది అదే మొదలు.

మంగళవారం కొట్టుకు వెళ్ళేసరికి ఆయన నిచ్చెన మీదున్నాడు. చుట్టూ కప్పు దాకా పెట్టెలు.

"మీ అత్తగారి మోకాలు ఎలా ఉందండీ?"

నిచ్చెన ఊగింది. "నాకు పెళ్ళే కాలేదమ్మా!"

చెప్పుల కొలత చూసుకుంటున్న ముసలాయన పకపకా నవ్వాడు. "గట్టిగా అడుగు తల్లీ! నేనూ ఎప్పట్నుంచో అదే అడుగుతున్నా."

ఆమెకు నేల చీలితే బాగుండుననిపించింది. కాని చెప్పులాయన దిగివచ్చి, తనకు పెళ్ళెందుకు కాలేదో అరగంట చెప్పాడు. ఆమె మధ్యలో అయ్యో అనలేదు, సలహా ఇవ్వలేదు. చివర ఒక్కటే అడిగింది.

"మూడో సంబంధం వాళ్ళమ్మాయి ఏమంది?"

"ఆలోచించుకుని చెబుతానంది. పదకొండేళ్ళయింది."

పెట్టెల సంగతి పై మంగళవారం చూద్దామన్నాడు. అది సాగనంపే మాటని ఎవరికైనా తెలుస్తుంది. తెలిసీ ఆమె పై మంగళవారం వెళ్ళింది.

"ఆవిడేమైనా చెప్పిందా?"

"జలగలా పట్టుకున్నారే!" అన్నాడు గాని, స్టూలు జరిపాడు.

ఆయన మాట్లాడుతూనే వరస అడుగునుంచి పెట్టెలు లాగుతున్నాడు. వేలికి పట్టు దొరకదు, మూల చిరుగుతుంది, గోరు విరుగుతుంది. మూడో సంబంధం కథ ఆగి, పెట్టెలు చేసినవాడికి శాపనార్థాలు మొదలవుతాయి. చేసింది తామేనని ఆమె గుర్తు చేయలేదు. చూసి ఇంటికి వచ్చింది.

మూడో మంగళవారం ఒక్క పెట్టె తీసుకెళ్ళి బల్లమీద పెట్టింది. దాని అంచుకు వేలు పట్టేంత అర్ధచంద్రపు కోత ఉంది. చెప్పులాయన దాన్ని వరస అడుగున దూర్చి లాగాడు. మళ్ళీ దూర్చి మళ్ళీ లాగాడు. ఆరుసార్లు.

"ఇది నేనెప్పుడడిగాను?"

"అడగలేదు. రెండు వారాలుగా గోళ్ళు విరుచుకుంటూ ఆవిడ గురించి చెబుతున్నారు."

ఆయన గుండు నిమురుకున్నాడు. "ఇకనుంచి అన్నీ ఇలాగే పంపండి. మంగళవారాలు మాత్రం మానకండి."

మిషను ఉండిపోయింది. మరిది ఆమెకొక కొత్త చిట్టి పుస్తకం, పెన్సిలూ తెచ్చిపెట్టాడు. మొదటి పేజీలో ఆమె ఆ పాత ముక్కే రాసుకుంది. బొమ్మల కొట్టాయన అత్తగారు మెట్లు పరుగున ఎక్కుతుందట. మందుల కొట్టావిడకు అత్తగారితో మాటల్లేవట.

ఆ మోకాలు ఎవరిదో తేలలేదు. ఇంకా నలుగురిని అడగాలి.