చెప్పొద్దన్న సంగతి

గల్ఫ్‌లో, అజ్మాన్‌లోని ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసే అజ్రా, కిడ్నీల మీద పరిశోధన చేసేవాళ్ల సంఘంలో సభ్యురాలు. ఆ సంఘానికి ఒక మంచి అలవాటుంది. సభ్యులు ఈ పనిలోకి ఎలా వచ్చారో వాళ్ల మాటల్లోనే, ఫొటోతో సహా తన వెబ్‌సైటులో వేస్తుంది. వేసి ఊరుకోదు, జనంలోకి వెళ్లి నాలుగు మంచిమాటలు చెప్పి రమ్మంటుంది. తన కథ వేసిన వారమే అజ్రా సజ్జాలోని లేబర్ క్యాంపుకు వెళ్లి, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేస్తే కిడ్నీలు ఏమవుతాయో తెలుగులోనూ హిందీలోనూ చెప్పింది. అప్పట్నుంచి నెలకో ఆదివారం ఆమె అక్కడే.

ఆ కథ చూసి అందరికంటే ఎక్కువ మురిసిపోయినవాడు ఆమె తమ్ముడు రమీజ్. కల్బాలో టైల్స్ పని చేస్తాడు. ఫోన్లో ఆ పేజీ తెరిచి టీ కొట్టతనికి, ఫోర్‌మన్‌కి, ఆఖరికి కంపెనీ మేనేజరు ముదీర్‌కి కూడా చూపించాడు. "మా ఆపా. డాక్టర్ మాదిరి లేదూ?" అనేవాడు.

ఆ మురిపెమే వాడి కొంప ముంచింది.

కాళ్లు వాస్తే ఒక సైజు పెద్ద బూట్లు కొనుక్కున్నాడు. ఆయాసం వస్తే టైల్స్ కోసిన దుమ్మన్నాడు. అజ్రా ఫోన్ చేసి నీళ్లు తాగుతున్నావా అంటే, "నాకు కూడా క్లాసు పీకుతావా?" అని నవ్వేవాడు. ఒకరోజు పని మధ్యలో కూలబడ్డాడు. అజ్రా ఆసుపత్రికి పరుగెత్తేసరికి రెండు కిడ్నీలూ ఖలాస్ అని రూములోని దోస్తులు చెప్పలేక చెప్పారు.

"ఎందుకు దాచావురా? నేనేమన్నా పరాయిదాన్నా?"

రమీజ్ గోడవైపు తిరిగాడు. "ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటారు ఆపా నిన్ను. సొంత తమ్ముణ్ణి చూసుకోలేనిది మనకు చెప్పొచ్చిందంటారు. నీ పేరు పోతాదని..."

అజ్రాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పేరు పాడుగాను, ఎవరడిగారు ఆ పేరు?

"ఇప్పుడైనా ఎవరికీ చెప్పబాక. ఒట్టెయ్," అన్నాడు. ఆ స్థితిలో వాడితో వాదించలేక ఆమె వాడి చేతిలో చెయ్యి వేసింది.

డయాలసిస్ మీద మూడు నెలలు కూడా లాగలేకపోయాడు. రంజాన్‌కు ముందే పోయాడు. వాణ్ణి ఇక్కడి మట్టిలోనే కలిపారు.

సంఘంవాళ్లు పాపం ఏమీ తెలియక, కొత్త కథ ఏదైనా ఉంటే పంపమన్నారు. అజ్రా జవాబివ్వలేదు. ఆదివారం సజ్జాకు మాత్రం వెళ్లింది. నీళ్ల సంగతి చెప్పాలని నిలబడితే తమ్ముడి సంగతే నోట వచ్చింది. బూట్లు, దుమ్ము, బల్లి సామెత, ఒట్టు, ఏదీ దాచకుండా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ వాడికి ద్రోహం చేస్తున్నట్టే ఉంది. అయినా ఆపలేదు.

అందరూ లేచి వెళ్లాక కరీంనగర్ వైపు పెద్దాయన ఒక్కడు మిగిలాడు. ప్యాంటు పైకి లాగి వాచిన కాలు ముందుకు పెట్టాడు. అజ్రా కింద కూర్చుని బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు.

"ఇంట్ల ఎవ్వరికి చెప్పకు బిడ్డా," అన్నాడాయన. "కొడుకు ఫికర్ జేస్తడు. మీ తమ్మునికి వేసినట్టే నాకు గూడ ఒట్టెయ్."

అజ్రా ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, తమ్ముడు పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

"వెయ్యను చాచా," అంది. "ఈసారి వెయ్యను. ఫోన్ ఇటివ్వండి, మీ అబ్బాయితో నేనే మాట్లాడతా."