బొట్టు పెట్టని ఓటు

విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే పని చూసేవాళ్లకు తేలికగా కనిపిస్తుంది. కాయ నొక్కితే గింజ చేటలో పడాలి, దాని మీది ఎర్రటి పొర మాత్రం చిట్లకూడదు. పొర చిట్లిన గింజ భూమిలో మొలవదు, కుళ్లిపోతుంది. అందుకే ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో విత్తనకాయల్ని మిషనుకు వేయరు, ఆడవాళ్ల చేతికి ఇస్తారు.

రెండువేల ఆరులో పంచాయతీ ఎన్నికలు సరిగ్గా ఆ పని రోజుల్లోనే వచ్చాయి. ఓబిలేష్ ఇంటి ముందు పందిరి కింద ఏడెనిమిది మంది ఆడవాళ్లు కాయల రాశి చుట్టూ కూర్చున్నారు. పందిరి గుంజకు కట్టిన చీర ఉయ్యాలలో ఓబిలేష్ కూతురు, ఎనిమిది నెలల అశ్విని నిద్రపోతోంది. దాని తల్లి ప్రసూన నాలుగు కాయలు ఒలవడం, ఒకసారి ఉయ్యాలలోకి తొంగిచూడడం.

"బిడ్డ యాడికీ పోదులేమ్మే! దానికింకా నడకే రాలేదు," అంది హనుమంతమ్మ. అందరూ నవ్వారు.

హనుమంతమ్మ అరవై ఏళ్ల మనిషి. భర్త పోయి ఇరవై ఏళ్లయింది. ఒలిచిన గింజల్లో ఏది విత్తాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది ఆ వీధి మొత్తానికి ఆమె చూసి చెప్పాల్సిందే.

అప్పుడే వీధి మొదట్లో డప్పు మోగింది. సర్పంచ్ పదవికి పోటీ చేస్తున్న ఇంద్రాణి కుంకుమ పళ్లెంతో వస్తోంది. ఆమె భర్త రాఘవేంద్ర కాంట్రాక్టు పనులు చేస్తాడు, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు. గోడల మీది కాగితాల్లో ఆయన బొమ్మ పెద్దది, ఆమె బొమ్మ చిన్నది.

"ఇన్నేండ్లూ మొగోళ్లకేసినారు. ఈసారి ఆడబిడ్డ ఓటు ఆడబిడ్డకే పడాల. ఉంగరం గుర్తు," అంటూ ఇంద్రాణి ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, చేతిలో చెయ్యి వేయించుకుంది. ప్రసూన కూడా మాట ఇచ్చింది. మంచి మాటే కదా, ఎందుకు ఇవ్వదు?

పళ్లెం హనుమంతమ్మ దగ్గరికి వచ్చేసరికి, వెనకనున్న మనిషి ఇంద్రాణి మోచేతిని మెల్లగా పక్కకు లాగింది. బొట్టు ఆమెను దాటి అవతలి మనిషికి వెళ్లింది. హనుమంతమ్మ తల ఎత్తలేదు. చేతిలో కాయ టప్పున చిట్లింది.

"కొళాయి నీళ్ల సంగతేందక్కా?" అని ఎవరో అడిగారు.

ఇంద్రాణి నోరు తెరిచేలోగా వెనక నుంచి రాఘవేంద్ర, "అన్నీ చేస్తాం, ముందు ఓటెయ్యండి," అన్నాడు. డప్పు కదిలింది.

ఆ మధ్యాహ్నం ఓబిలేష్ అన్నానికి వచ్చాడు. "నారాయణప్పన్న హోటల్ కాడ కనపడినాడు. మన ఇంట్లో ఓట్లన్నీ బొంగరం గుర్తుకే అని చెప్పొచ్చినా," అన్నాడు ముద్ద కలుపుతూ.

నారాయణప్ప రెండో అభ్యర్థి. ఆయన ఏ ఇంట్లోనూ ఆడవాళ్లను ఓటు అడగలేదు. మగవాళ్లను అడిగితే ఆ ఇంటి ఓట్లన్నీ వచ్చినట్లేనని ఆయన లెక్క.

ప్రసూన వడ్డిస్తున్న గరిటె ఆపింది. "నేను ఇంద్రాణక్కకు మాటిచ్చినానే!"

"బొట్టు పెట్టించుకోని మాట తప్పితే ఇంటికి మంచిదేనా?" అని అత్త నాగలక్ష్మమ్మ ఇంకో మాట వేసింది.

ప్రసూన బిడ్డ నుదురు తాకి చూసింది. వెచ్చగా ఉన్నట్లే అనిపించింది. నిజానికి అది ఎండాకాలం పోని ఉక్క. అయినా భయపడే తల్లికి చేతివేళ్లు కూడా భయాన్నే చెబుతాయి. ఆమె వయసు ఇరవై ఒకటి. సర్పంచ్ ఎన్నికల్లో ఇదే మొదటి ఓటు. ఒక ఓటును మొగుడు ఒకరికి ఇచ్చేశాడు, బొట్టు ఇంకొకరికి ఇచ్చేసింది. ఆమెను అడిగినవాళ్లు ఎవరూ లేరు.

అసలు ప్రసూన ఆలోచన ఆగిపోయింది కొళాయి దగ్గర. ఆమె పుట్టిల్లూ, మెట్టినిల్లూ ఆ వీధిలోనే. ఆ వీధికి పొద్దున తొమ్మిదికి నీళ్లు వదులుతారు. తల్లులు ఏడింటికే కూలికి పోతారు. బిందెలు పట్టడానికి మిగిలేది ఆడపిల్లలే. నీళ్లు పట్టి బడికి పోయేసరికి రెండో పీరియడ్ నడుస్తుంటుంది. రోజూ తిట్లు తినలేక ప్రసూన తొమ్మిదో తరగతిలో మానేసింది. తన తరువాత ఆ వీధిలో ఇంకా ఐదుగురు మానేశారు. దీన్ని ఎవరూ అన్యాయం అనలేదు. "నీళ్లు తొమ్మిదికొస్తాయి" అన్నారు, "పొద్దు తూర్పున పొడుస్తుంది" అన్నట్లుగా.

మరునాడు రాశి దగ్గర ప్రసూన మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, నీకు బొట్టు పెట్టలేదు కదా. నువ్వెవురికేస్తావు?"

హనుమంతమ్మ ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వింది. "నాకు మొగుడూ లేడు చెప్పేదానికి, బొట్టూ లేదు కట్టేసేదానికి. ఈ పందిట్లో తాడు ఇప్పిన ఓటు నాదొక్కటేనమ్మే!"

"మరి ఆడదానికి ఆడది ఎయ్యాలనేది తప్పంటావా?"

"తప్పెట్లయితాది? ఆడది నిలబడిందంటే నాకూ కడుపు నిండినట్లుండాది. కానీ ఈ రాశి మన చేన్లోదే కదా. మన చేన్లోదని అన్ని గింజలూ విత్తుతాండామా? నీళ్ల సంగతి ఇద్దరినీ అడుగుదాం. ఈడికొచ్చి కూసోమను. వాళ్ల ఎనకాల ఎవురూ మాట్లాడకూడదు."

నాగలక్ష్మమ్మ మూతి విరిచింది. "సరే, వస్తే ఉత్తగా కూసోకూడదు. కాయలు ఒలవాల!"

కబురు రెండు ఇళ్లకూ వెళ్లింది. ఇద్దరూ వచ్చారు. ఒకరు వచ్చి రెండోవాళ్లు రాకపోతే ఓట్లు పోతాయి కదా! రాఘవేంద్రను పందిరి బయటే నిలబెట్టారు. "అన్నా, నువ్వు కూడా ఎన్నికల్లో నిలబడింటే చెప్పు, నీకూ చేట ఇస్తాం," అన్నారు. ఆయన మీసం సవరించుకున్నాడు.

నారాయణప్ప మొదటి కాయ నొక్కితే గింజ రెండు ముక్కలైంది. రెండోది ఎగిరి నాగలక్ష్మమ్మ ఒడిలో పడింది. "అన్నా, నువ్వు ఒలిస్తే ఈ ఏడు మాకు పంటే ఉండదప్పా!" అని ఒకటే నవ్వులు. ఇంద్రాణి వేళ్లు మాత్రం చకచకా ఆడాయి. పెళ్లికి ముందు ఆమె కూడా ఒలిచిన మనిషే. ఆమె ముఖంలో నవ్వు ఆడవాళ్లు ఆ రోజే చూశారు.

ప్రసూన బిడ్డను చంకనేసుకుని లేచింది. "మా వీధికి నీళ్లు పొద్దున ఆరుకు వదుల్తారా? తొమ్మిదికి వదిలితే ఆడపిల్లలు బడి ఇడిసిపెడతాండారు. నేను అట్లనే ఇడిసిపెట్టినా. ఇది ఇడిసిపెట్టకూడదు." చంకలో అశ్విని తల్లి గాజు పట్టుకుని లాగుతోంది.

నారాయణప్ప చేతిలో కాయ ఆగింది. "ఆరుకు వదిలేదానికి పెద్ద కష్టమేమీ లేదమ్మా. ఇన్నేండ్లుగా ఎవురూ అడగలేదు," అన్నాడు. అన్నాక ఆయనకే సిగ్గేసింది. ఎవరిని అడిగాడు గనక ఆయన?

ఇంద్రాణి పందిరి బయటికి చూడబోయి ఆగింది. "మా ఇంట్లో బోరుండాది. ఈ సంగతి నాకు తెలీదు. ఆడదాన్నే అయినా తెలీదు," అంది నెమ్మదిగా. "గెలిస్తే మాత్రం రోజూ ఆరుకు వదిలిస్తా. వదల్లేదంటే బిందెలు తీసుకోని మా ఇంటి మీదికే రాండి." తరువాత హనుమంతమ్మ వైపు తిరిగింది. "అవ్వా, ఆ పొద్దు నేను..."

"నాకు బొట్టు వద్దులేమ్మా," అంది హనుమంతమ్మ. "ఓటరు లిస్టులో నా పేరుండాది. అది చూసి పలకరిస్తే చాలు."

ఇద్దరూ వెళ్లాక ప్రసూన అత్త వైపు బెదురుగా చూసింది. నాగలక్ష్మమ్మ చేట చెరుగుతూ అంది: "ఏం చూస్తావు? పేరంటానికి బొట్టు పెట్టి పిలిస్తే పోతాం. పోయినామని వాళ్లు వడ్డించిందంతా తింటామా ఏంది? నీకు తోచినోళ్లకెయ్యి. నీ మొగునికి నేను చెప్తా."

పోలింగ్ రోజు ఆడవాళ్లు పండుగకు కట్టే చీరలు కట్టి లైన్లో నిలబడ్డారు. ఓబిలేష్ బయట ఎదురుచూస్తున్నాడు. "ఏ గుర్తుకేసినావు?"

"బాక్సులో ఏసినా," అంది ప్రసూన. అంత నవ్వు ఆ ముఖంలో అతను పెళ్లి రోజున కూడా చూడలేదు. కాస్త ఆలోచించి తనూ నవ్వేశాడు.

ఏడు ఓట్ల తేడాతో ఇంద్రాణి గెలిచింది. ఆరింటికి నీళ్లు వచ్చాయి. మూడు రోజులే. నాలుగో రోజు ఎనిమిదయింది. ఓటేసినవాళ్లు, వేయనివాళ్లు అందరూ ఖాళీ బిందెలతో సర్పంచ్ ఇంటికి నడిచారు. ముందు హనుమంతమ్మ.

రాఘవేంద్ర అరుగు మీదికి వచ్చాడు. "ఏందప్పా, ఏం కావాల మీకు?"

లోపలి నుంచి ఇంద్రాణి గొంతు వినిపించింది. "వాళ్లొచ్చింది నా కోసం. నువ్వు పక్కకు జరుగు." చెప్పులు వేసుకుని ఆమె వాళ్లతో పాటు ట్యాంకు దగ్గరికి నడిచింది. ఆ తరువాత ఆ వీధిలో ఏ ఆడపిల్లకూ నీళ్లు పట్టి రెండో పీరియడ్‌కు బడికి పోవాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజు ట్యాంకు దగ్గర నుంచి తిరిగి వస్తూ, బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ ప్రసూన అడిగింది. "అయితే పెద్దమ్మా, ఆడోళ్లమని చూసుకోని ఓటెయ్యాలా, వద్దా?"

హనుమంతమ్మ తను ఎత్తుకున్న అశ్విని బుగ్గ గిల్లి చెప్పింది. "ఆడదాన్నన్న సంగతి నువ్వడిగే ప్రశ్నలో ఉండాలమ్మే. ఓటు మాత్రం వాళ్లిచ్చే జవాబును చూసి ఎయ్యాల."