ఆదివారం దొంగపరుగు

దేవుడు నెమానీకి కాళ్ళు ఇచ్చింది రెండే. ఆ రెంటినీ అతను ఆ నెలంతా మొండి గొడ్లని బాదినట్టు బాదాడు.

కారణం లేకపోలేదు. ఆ దీవిలోని ఊరి ఏడుగురి రగ్బీ జట్టులో, మైదానం అంచున బంతితో దూసుకెళ్ళే వింగ్ స్థానం ఒక్కటే ఖాళీ. దానికి ఎగబడేవాళ్ళు ఇద్దరు: నెమానీ, అతని అక్క కొడుకు ఎమోసి. ఎమోసికి మొన్నమొన్ననే మీసాలొచ్చాయి. నెమానీకి ముప్పై దగ్గర పడుతోంది. ఈసారి జెర్సీ రాకపోతే ఇంక గీత బయట నిలబడి, చెరుకు నములుతూ, ఆడే కుర్రాళ్ళని తిట్టే పెద్దమనుషుల్లో చేరిపోవడమే. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన కోచ్ ఇలియేసా తేల్చి చెప్పేశాడు.

"నెలాఖరు బుధవారం పొద్దున్నే ఇసుకదిబ్బ దగ్గరికి రండి. మూడోసారి ఎక్కేటప్పుడు ఎవడి కాళ్ళు మాట వింటే వాడిదే జెర్సీ."

ఆ దిబ్బ ఏటి మొగ దగ్గర, సముద్రం పక్కన. ఒక అడుగు పైకేస్తే అరడుగు కిందికి లాగేస్తుంది. నెమానీ పొద్దున ఒకసారి ఎక్కాడు, సాయంత్రం ఒకసారి ఎక్కాడు. అది చాలనట్టు గోనెసంచీలో ఇసుక నింపి భుజానేసుకుని ఎక్కాడు. మొదట్లో దిబ్బ అతనికి భయపడింది. రానురాను అతనే దిబ్బకి భయపడటం మొదలైంది. ఇంటి మెట్లు దిగాలంటే గుమ్మం పట్టుకోవాల్సి వచ్చేది. పడుకుంటే మనిషి చాపమీద, గుండె మాత్రం ఇంకా దిబ్బమీద. కొబ్బరిపాలలో ఉడికిన చేప ముందు పెట్టినా ముద్ద దిగేది కాదు. పరుగు రోజురోజుకీ మందగించింది. ఇంకొకడైతే ఆగేవాడు. మనవాడు ఆలోచించి ఆలోచించి, 'చాలట్లేదు, ఇంకా పరిగెత్తాలి' అని తేల్చాడు.

పరిగెడదామంటే ఆదివారం అడ్డొచ్చింది. ఆ ఊళ్ళో ఆదివారం బంతి ముట్టుకుంటే పెద్దలు పిలిపించి నిలబెడతారు. ఆలస్యమైందని చర్చికి పరిగెత్తినా తప్పే, నడుస్తూ ఆలస్యంగా రావాలి.

నెమానీ శుభ్రంగా తయారయ్యాడు. కోటు తొడిగి, నడుముకి లుంగీలాంటి సులు చుట్టి, టై కట్టి, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని జనంతో పాటు బయల్దేరాడు. చర్చి గుమ్మం కనబడగానే పొట్ట పట్టుకున్నాడు.

"కడుపులో తిప్పేస్తోంది," అని పక్కవాడితో చెప్పి వెనక్కి తిరిగాడు.

దిబ్బ కింద మొగలిపొదలో బట్టలు మడిచి దాచి, నిక్కరుతో పైకి ఎక్కాడు. రెండోసారికే కాళ్ళు సీసం పోసినట్టయ్యాయి. పాక్కుంటూ దిగొచ్చి పొదలో చెయ్యి పెడితే ఆకులు తప్ప ఏమీ తగల్లేదు.

"ఏం బామ్మర్దీ, దేవుడు దిబ్బమీద దర్శనమిచ్చాడా?"

పొద అవతల అక్క మొగుడు సకియాసి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నెమానీ బట్టల మూట అతని కింద, నెమానీ టై అతని మెడలో. సకియాసి ఒకప్పుడు ఇదే జట్టులో వింగ్ ఆడాడు. ఇప్పుడు పొట్ట ముందు వస్తే మనిషి తర్వాత వస్తాడు. చర్చిలో వెనక బెంచీ అతనిది, మధ్యలో జారుకోవడానికి అది వీలు. ఇక ఆ దీవుల్లో బావా బామ్మర్దులంటే ఒకరినొకరు ఏడిపించుకోవడానికే పుట్టినవాళ్ళు. ఏం చేసినా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాణ్ణి చూసి ఊరంతా నవ్వుతుంది.

"బావా, బట్టలిచ్చెయ్యి."

"ఇవా? ఇవి చర్చికెళ్ళే పెద్దమనిషివి. నువ్వు వెళ్ళలేదుగా."

"నవ్వులాట కాదు. జనం వచ్చేస్తారు."

"రానీ. ఈ నిక్కరుతోనే ఊరి మధ్యలోంచి నడు. పాస్టరు గారి భార్య ఎదురొచ్చి ఇదేంటి నాయనా అంటే, కడుపునొప్పికి ఇదే మందమ్మా అని చెప్పు."

నెమానీ ఇసుకలో కూలబడ్డాడు. "నీకేం కావాలో చెప్పు."

"నువ్వే కావాలి. బుధవారం దాకా మా ఇంట్లో నౌకరీ. పెట్టింది తినాలి, పడుకోమంటే పడుకోవాలి. దిబ్బ మాటెత్తావో, పాస్టరు గారి దగ్గర సాక్షిని నేనే."

నెమానీకి అప్పుడు వెలిగింది. "ఓహో! నన్ను కట్టేసి నీ కొడుక్కి జెర్సీ తొడుగుదామనా?"

"అబ్బ, కనిపెట్టేశాడ్రా! కాళ్ళు పోయినా బుర్ర మిగిలింది."

కాదని ఒక్క మాట అనలేదు ఆ మహానుభావుడు.

సోమవారం నెమానీ అక్కగారి వాకిట్లో పీటమీద కూర్చుని కొబ్బరి కోరాడు. కళ్ళముందే ఎమోసి దిబ్బకి వెళ్ళాడు, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు, సాయంత్రం మళ్ళీ వెళ్ళాడు. ప్రతిసారీ నెమానీ కోరిన కొబ్బరిలో కసి పడింది. మధ్యాహ్నం సకియాసి అతన్ని నడుములోతు సముద్రంలోకి దింపి మెల్లగా నడిపించాడు, తర్వాత నీడలో చాప పరిచాడు.

"పడుకో."

"నిద్ర రావట్లేదు."

"నౌకరుకి నిద్ర యజమాని చెప్పినప్పుడు రావాలి."

వచ్చింది కూడా. లేచేసరికి పొద్దు వాలింది. పక్కన సకియాసి వల కుడుతున్నాడు.

"చూశావా, రాయి తగిలి ఎలా చిరిగిందో," అన్నాడు తల ఎత్తకుండా. "నా తొడ పట్టేసిన ఏడాది ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది, కండ కూడా ఇంతేనట. బాగా పరిగెత్తితే లోపల పోగులు సన్నగా చిట్లుతాయి. అది తప్పు కాదు, చిట్లాల్సిందే. తిని పడుకుంటే ఒళ్ళే వాటిని అతుకుతుంది, ముందుకన్నా గట్టిగా. నువ్వేమో ముడి పడకముందే వల మళ్ళీ రాళ్ళమీదికి విసురుతున్నావ్."

"ఈ కబుర్లు నీ కొడుక్కి చెప్పవేం?"

సకియాసి దారం పంటితో కొరికి, "ఇంకో కాయ కోరు," అన్నాడు.

మంగళవారం అక్క పెట్టిన చేపా చేమదుంపలూ తిని నెమానీ మళ్ళీ పళ్ళెం చాపాడు. సాయంత్రం చెయ్యి కడుక్కోవడానికి మెట్లు దిగాక గానీ గుమ్మం పట్టుకోలేదని గుర్తు రాలేదు. మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి చూశాడు. బావకి మాత్రం చెప్పలేదు. చెబితే ఆ పొట్ట ఇంకా ఉబ్బుతుంది.

బుధవారం దిబ్బ చుట్టూ సగం ఊరు చేరింది. మొదటిసారి ఎమోసి లేడిపిల్లలా ఎగిరి ముందు చేరాడు. రెండోసారి ఇద్దరూ పక్కపక్కనే ఎక్కారు. మూడోసారి సగం దాకా ఎమోసిదే పైచేయి. అక్కడ పిల్లాడి పిక్క పట్టేసింది. పంటి బిగువున నాలుగడుగులు వేశాడు, అయిదోది పడలేదు. నెమానీ కాళ్ళు కాలుతున్నాయి, కానీ మాట వింటున్నాయి. వెనక్కి లాగే ఇసుకని తొక్కుకుంటూ అంచు మీదికి ఎక్కి వెల్లకిలా పడ్డాడు. ఆకాశం నీలంగా, హాయిగా కనబడింది.

ఇలియేసా జెర్సీ తెచ్చి అతని మొహం మీద పడేశాడు. "ఎమోసి బెంచీ మీద," అన్నాడు.

సకియాసి రొప్పుతూ పైకొచ్చి పక్కన కూలబడ్డాడు.

"నిజం చెప్పు బావా," అన్నాడు నెమానీ. "కొడుకుని వదిలేసి నన్నెందుకు కట్టేశావ్?"

సకియాసి పొట్టమీది ఇసుక దులుపుకున్నాడు. "వాడికి చెప్పలేదనుకున్నావా? ఆగరా అన్నాను. సరే నాన్నా అని తల దించుకుని దొడ్డిదారిన దిబ్బకి పోయాడు. తండ్రిని, వాడి బట్టలెత్తుకుపోగలనా? వాణ్ణి ఏడిపించి కూర్చోబెట్టే మొహమా నాది? మా నాన్న నాతో ఏనాడైనా నవ్వులాడాడా? అలా ఏడిపించి ఆపడానికి బామ్మర్దే దొరకాలి. ఉన్నవాడు నువ్వొక్కడివి."

"మరి వాడికెవరు చెప్తారు?"

"మేనమామవి బతికే ఉన్నావుగా."

నెమానీ లేచి కిందికి దిగాడు. ఎమోసి ఇసుకలో కూర్చుని పిక్క పట్టుకుని ఉన్నాడు. కళ్ళెత్తి చూడలేదు.

"అల్లుడూ, కాలిటు తే."

"వద్దులే మావా. సాయంత్రం మళ్ళీ ఎక్కుతా."

"ఎక్కుదువుగాని. ముందు కాలు తే." నెమానీ ఆ పిక్కని ఒళ్ళో పెట్టుకుని బొటనవేళ్ళతో మెల్లగా నొక్కడం మొదలెట్టాడు.

"నా జెర్సీ లాక్కుని, ఇప్పుడు కాళ్ళు పడుతున్నావా?"

"లాక్కోలేదురా, పడుకుని తెచ్చుకున్నాను. కూర్చో, ఎలాగో చెప్తాను."

ఎమోసికి నవ్వాగలేదు. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.