కిటికీ అవతలి లకుముకి

మా అన్నయ్యకు కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. వారమంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసి, ఆదివారం తన చూపు తాను వాడుకునేవాడు. చీకటితోనే నన్ను లేపి, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పిట్టల్ని చూడడానికి బయలుదేరేవాడు. నేను బడిలో పాఠాలు చెబుతాను, ఉండేది అన్నావదినలతోనే.

చూసిన పిట్టల పేర్లు వంటింటి అలమార తలుపు లోపలివైపు అంటించిన కాగితం మీద పెన్సిలుతో రాసేవాడు. ఏడాదికి ఒక కాగితం. జనవరి ఒకటిన అది ఖాళీగా ఉంటుంది కనుక ఆ రోజు కాకి కూడా కొత్త పిట్టే. డిసెంబరు చివరి రోజు దాటితే అందులో ఇంకేదీ చేర్చకూడదు. ఇంట్లో ఇద్దరు చూసిందే లెక్క. "ఒక్కళ్ళ కన్ను ఆశపడుతుందే," అనేవాడు. అందుకని ముందు చూసినవాళ్ళు పేరు చెప్పకూడదు, చోటు మాత్రమే చెప్పాలి. "ఎడమ, రెండో కొమ్మ" అంటే రెండోవాళ్ళు వెతుక్కుని పేరు చెప్పాలి.

వదిన ఇంట్లోనే బట్టలు కుట్టేది. మాతో ఎప్పుడూ రాలేదు.

"ఆదివారం కూడా మొగుడు పిట్టల పాలే," అని మిషను తొక్కుతూ దెప్పేది. "ఆకాశంలోకి చూస్తూ నడవండి అన్నాచెల్లెళ్ళిద్దరూ. ఏ గుంటలోనో పడ్డాక కబురు పెట్టండి, తాడు తెస్తాను."

ఈ ఏటి కాగితం సగం కూడా నిండలేదు. జనవరి నెలాఖరుకే అన్నయ్య ఆస్పత్రిలో చేరాడు. ఒక సాయంత్రం నేను మంచం దగ్గర అతనికి ఎదురుగా కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అన్నయ్య దిండు మీంచి తల కాస్త ఎత్తి, "ఎడమ, పైపు మీద," అన్నాడు.

ఆ గదికి రెండు వైపులా కిటికీలున్నాయి. నేను నా ఎడమవైపు కిటికీలోంచి చూశాను. అక్కడ వట్టి గోడ తప్ప ఏమీ లేదు. ఎన్నో ఏళ్ళుగా పక్కపక్కన నడిచినవాళ్ళం, ఇద్దరి ఎడమా ఒకటే అయిపోయింది. ఎదురెదురుగా ఉండి పిట్టను చూడడం అదే మొదటిసారి. అది తట్టి రెండో కిటికీవైపు తిరిగేసరికి, కాలువ మీదుగా వెళ్ళే పైపు ఖాళీగా ఉంది.

"లకుముకి," అన్నాడు అన్నయ్య. "పోనీలే. రేపు మళ్ళీ వస్తుంది."

మర్నాడు అతను కళ్ళు తెరవలేదు.

ఆ తర్వాత నేను బైనాక్యులర్స్ ముట్టలేదు. పంచదార తీయాల్సి వచ్చినా ఆ అలమార తలుపు చెయ్యి పట్టేంత మాత్రమే తెరిచేదాన్ని. లకుముకి సంగతి వదినకు అప్పుడే చెప్పాను. డిసెంబరు సెలవుల్లో ఒక రోజు వదిన ఆ తలుపు బార్లా తెరిచి కాగితం ముందు నిలబడింది.

"లకుముకి రాయలేదేం?"

"నేను చూడలేదు వదినా."

"ఆయన చూశాడుగా."

"ఇద్దరు చూడాలి."

"మీ అన్నయ్య చివరగా చూసిన పిట్ట అది. దానికీ సాక్ష్యం కావాలా?" గొంతు పెరిగింది. "మనిషి పోయాడు, నియమం మాత్రం గుండ్రాయిలా ఉంది!"

"అదొక్కటి అలా రాస్తే, మిగతావి కూడా అలాగే రాసినట్టుంటుంది."

వదిన వెళ్ళి మిషను ముందు కూర్చుంది, తొక్కలేదు. అక్కణ్ణుంచే, "అయితే పద. ఏడాది ఇంకా అయిపోలేదుగా," అంది.

ఆస్పత్రి వెనక కాలువగట్టున నిలబడితే వాచ్‌మన్ వచ్చాడు.

"ఎవరి కోసమమ్మా?"

"పిట్ట కోసం," అంది వదిన.

"ఏ వార్డు?"

"వార్డు కాదయ్యా, పైపు."

అతను మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. వదిన నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

ఆ రోజు పిట్ట రాలేదు. మర్నాడూ రాలేదు. ఏడాది చివరి రోజు మళ్ళీ వెళ్ళాం. పొద్దు వాలుతోంది. బైనాక్యులర్స్ వదిన దగ్గరున్నాయి. నేను పైపునే చూస్తూ ఉండాల్సింది. అంతలో పై అంతస్తులో అన్నయ్య ఉన్న గది కిటికీ తెరుచుకుంది. ఎవరో తడి తువ్వాలు ఊచ మీద ఆరేస్తున్నారు.

"ఎడమ! పైపు మీద!"

నేను తిరిగేసరికి నీటి మీద ఒక వలయం విచ్చుకుంటోంది, అంతే.

"చూశావా?" వదిన ముఖం వెలిగిపోతోంది. అవునంటే నమ్మేది.

"లేదు వదినా."

తను గట్టు మీద చతికిలబడింది. నేను పక్కన కూర్చుని, బడిలో పిల్లల్ని అడిగినట్టే అడిగాను.

"ఎలా ఉంది?"

"వీపంతా నీలం, సాటిను గుడ్డలా మెరుస్తోంది. గొంతు కింద తెల్లటి అతుకు వేసినట్టుంది. ముక్కేమో ఒంటి కొలత చూసుకోకుండా కుట్టేసినట్టు, ఇంతుంది!"

"రంగు?"

"ఎరుపు."

"లకుముకే."

"నువ్వు చూడలేదుగా. ఏం లాభం?"

"అన్నయ్య చూశాడు. నువ్వు చూశావు. ఇంట్లో ఇద్దరు."

వదిన నావైపు తిరిగింది.

"నేను కూడానా?" అంది.

ఇంటికొచ్చి పెన్సిలు తనకే ఇచ్చాను. గుడ్డ మీద సుద్దతో గీసే చెయ్యి. అన్నయ్య సన్నటి అక్షరాల కింద పెద్దపెద్దగా రాసింది. రాశాక తలుపుకు నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. నేను వెళ్ళి వీధి గుమ్మంలో దీపం వేసి వచ్చాను.

ఈ ఏటి కాగితంలో నేను చూడని పిట్ట అదొక్కటే.